ఓట్లతో నడిచే వేదికలు కొత్త రచయితలకు మేలు చేస్తున్నాయా?

చిత్తుప్రతి:
కొత్తగా రాస్తున్నవారి కోసం ఏర్పడిన వేదికల్లో ఎక్కువ భాగం లైకులు, రేటింగులు, ఫాలోవర్ల సంఖ్యను బట్టి కథలకు వరుస కడుతున్నాయి. రాయడం నేర్చుకునేవారికి ఈ పద్ధతి నష్టమే చేస్తుందని నేను నమ్ముతున్నాను. కాదనేవారి వాదన కూడా వినాలని ఈ చర్చ మొదలుపెడుతున్నాను.

అటువంటి ఒక వేదికలో మూడేళ్ళు రాశాను. మొదటి కథ పెట్టిన సాయంత్రమే సందేశాలు వచ్చాయి. అందరి మాటా ఒకటే: "మీ కథకు ఐదు నక్షత్రాలు ఇచ్చాను, వీలు చూసుకుని నా కథ కూడా చదవండి." మొహమాటానికి నేనూ ఇచ్చాను. రెండు నెలలు తిరిగేసరికి, మొదటి పేరా దాటి చదవని కథల కింద కూడా "అద్భుతం" అని రాసే స్థితికి వచ్చాను. నా కథకు 140 మంది పూర్తి మార్కులు వేశారు. చాలాకాలానికి ఒక పాఠకురాలు ఒకే ఒక్క వాక్యం రాశారు: "నాలుగో పేరాలో ఆమె ఉత్తరం చదివేసింది కదా, ఏడో పేరాలో మళ్ళీ కవరు చింపుతోందేమిటి?" అంతమందిలో ఒక్కరి కంటా ఆ కవరు పడలేదంటే, చాలామంది కథ చదవలేదనే నేను అనుకుంటున్నాను. ఆ ఒక్క వాక్యం నా చేత కథంతా తిరగరాయించింది. ఆ నక్షత్రాలు చూసి నేను ఒక్క అక్షరం కూడా మార్చలేదు.

ఈ ఇచ్చిపుచ్చుకోవడం కొత్తదేమీ కాదు. హార్పర్‌కాలిన్స్ ప్రచురణ సంస్థ 2008లో ఆథానమీ అనే వేదికను ప్రారంభించి, ప్రతి నెలా సభ్యుల మద్దతు ఎక్కువగా పొందిన ఐదు రాతప్రతులను తమ సంపాదకులు చదివి అభిప్రాయం చెప్పే ఏర్పాటు చేసింది. ఉద్దేశం మంచిదే. అయితే పై ఐదు స్థానాల కోసం మద్దతును ఒకరికొకరు అరువిచ్చుకుంటున్నారని సభ్యులే ఫిర్యాదు చేస్తూ వచ్చారు. 2015లో ఆ వేదిక మూతపడింది.

తొలిఅడుగు:
చిత్తుప్రతి గారూ, మీ బాధ అర్థమైంది కానీ మీ నిర్ణయంతో ఏకీభవించలేను. ఈ వేదికలు రాకముందు నాలాంటివారికి దారి ఎక్కడుంది? పత్రికలకు పంపిన కథలకు "ప్రచురించలేము" అన్న జవాబు కూడా రాలేదు. సంపాదకుడి అభిరుచి ఒక మనిషి అభిరుచి, ఓటు అనేకమందిది. అమెరికన్ రచయిత ఆండీ వీర్, అంగారకుడిపై ఒంటరిగా చిక్కుకున్న మనిషి గురించి రాసిన "ది మార్షియన్" అనే సైన్స్ ఫిక్షన్ నవలను తన సొంత వెబ్‌సైటులో అధ్యాయాల వారీగా ఉచితంగా పెట్టారు. పాఠకులు ఆదరించిన తర్వాతే పెద్ద ప్రచురణకర్త 2014లో దాన్ని పుస్తకంగా తెచ్చాడు. ఆదరణను లెక్కించడమే తప్పంటే ఆ నవల ఎలా బయటపడేది?

చిత్తుప్రతి:
మీరు చెప్పిన ఉదాహరణ నా వైపే నిలుస్తుంది. ఆ పాఠకులు అధ్యాయాల్లో శాస్త్రపరమైన పొరపాట్లు ఎత్తిచూపితే ఆయన దిద్దుకున్నారు. నేను కోరుతున్నది సరిగ్గా అటువంటి పాఠకుడినే. ఓటు వేసేవాడికి పొరపాటు ఎక్కడుందో చెప్పే పనే లేదు.

మూడో పాఠం:
ఓటు అనేకమంది అభిరుచి అన్న మాట దగ్గర ఆగాలి. 2006లో వెలువడిన ఒక అధ్యయనంలో సాల్గానిక్, డాడ్స్, వాట్స్ అనే ముగ్గురు పరిశోధకులు 14,000 మందికి పైగా శ్రోతలకు ఎవరికీ తెలియని బృందాలు పాడిన 48 పాటలు వినిపించారు. కొందరికి ఏ పాటను ఎంతమంది డౌన్‌లోడ్ చేసుకున్నారో చూపలేదు. మిగిలినవారిని ఎనిమిది గుంపులుగా విడదీసి, ఏ గుంపు లెక్క ఆ గుంపుకే కనిపించేలా చేశారు. ఒకే పాట ఒక గుంపులో మొదటి స్థానంలోనూ, మరొక గుంపులో నలభయ్యో స్థానంలోనూ నిలిచింది. మరీ మంచి పాటలు అట్టడుగుకు పోవడం, మరీ నాసిరకం పైకి రావడం అరుదే కానీ, మధ్యలో ఉన్నవాటి గతి మొదట ఎవరు నొక్కారన్న దాని మీద ఆధారపడింది. నేర్చుకునే దశలో ఉన్న మన కథలు దాదాపు అన్నీ ఆ మధ్యలోవే.

కథ పెట్టిన మొదటి గంటలో బంధుమిత్రులందరికీ లింకు పంపి బతిమాలుకునే అలవాటు ఎక్కడి నుంచి వచ్చిందో దీన్నిబట్టి తెలుస్తుంది. దాన్ని రచయిత బలహీనత అనడం అన్యాయం, ఆ పద్ధతిలో అలా చేయనివాడు వెనకబడతాడు.

సీరియల్ పాఠకురాలు:
పాఠకురాలిగా ఒక్క మాట. పన్నెండు భాగాల్లో ముగియవలసిన కథ ఎనభై భాగాలకు సాగుతోంది, ఎందుకంటే వరుసలో నిలబడాలంటే రోజూ ఒక భాగం పడాలి. తలుపు చప్పుడుతో ఒక భాగం ముగుస్తుంది, తరువాతి భాగంలో వచ్చింది పక్కింటి పిల్లవాడు. ఇలా నాలుగుసార్లు జరిగాక నాకు ఆ తలుపు మీద నమ్మకం పోయింది. రచయితకు శక్తి లేక కాదు, ఆయన పాత కథలు నేను చదివాను.

తొలిఅడుగు:
మూడో పాఠం గారి వివరణ తర్వాత నా వాదన కొంత సడలించుకుంటున్నాను. కానీ బదులుగా ఏం చేయాలి? క్రిటర్స్ అనే ఆన్‌లైన్ రచయితల వర్క్‌షాపు 1990ల నుంచి నడుస్తోంది, అక్కడ ఇతరుల రాతప్రతులను క్రమం తప్పకుండా విమర్శించినవారికే తమది చూపించుకునే అవకాశం ఉంటుంది. నియమం బాగానే ఉంది. అయితే నేర్చుకునేవాడిని నేర్చుకునేవాడే దిద్దితే, ఇద్దరికీ తెలియని తప్పు అలాగే మిగిలిపోతుంది కదా?

చిత్తుప్రతి:
మిగిలిపోతుంది, ఒప్పుకుంటున్నాను. అయినా కవరు రెండుసార్లు చిరిగిందని గుర్తించడానికి పాండిత్యం అక్కర్లేదు, చివరిదాకా చదివితే చాలు. కనీసం మొదటి రెండు వారాలు సంఖ్యలు ఎవరికీ, రచయితకు సైతం, కనిపించకుండా దాచి, కథలో ఏదో ఒక చోటును పేర్కొంటూ రాసిన వ్యాఖ్యను మాత్రమే పైన ఉంచే వేదిక ఉంటే, నా తరువాతి కథను అక్కడే పెడతాను.

తొలిఅడుగు:
రెండు వారాలకు నేనూ ఒప్పుకుంటాను. ఆ తర్వాత మాత్రం సంఖ్య చూపించాలి. ఎంతమంది చదివారో తెలియకుండా ఏళ్ళ తరబడి రాయగల ఓపిక అందరికీ ఉండదు, నాకైతే లేదు.