5 వేల లోపు, లింటెల్‌లో రంధ్రం వేయగల కార్డ్‌లెస్ డ్రిల్ ఏది?

కర్టెన్ రాడ్లు నేనే బిగించుకుందామని ఆరు నెలల కిందట 2,200 పెట్టి 12 వోల్టుల కార్డ్‌లెస్ డ్రిల్ కొన్నాను, 1.5 ఏహెచ్ బ్యాటరీ ఒక్కటే వచ్చింది. ఇటుక గోడలో 6 ఎంఎం రంధ్రం చక్కగా పడుతోంది. కిటికీ పైన లింటెల్ (అడ్డంగా వేసే కాంక్రీటు దిమ్మె) దగ్గరికొచ్చేసరికి మాత్రం ఒక సెంటీమీటరు దిగి అక్కడే తిరుగుతోంది, పిండిలాంటి దుమ్ము కాస్త రాలుతోంది, తీసి చూస్తే బిట్ కొన నీలం రంగుకు తిరిగింది.

గోడలకు వాడే కొత్త మేసనరీ బిట్ తెచ్చాను, తిరుగుతూనే సుత్తిలా కొట్టే హ్యామర్ మోడ్‌లోనే పెట్టాను, ముందు 4 ఎంఎంతో మొదలుపెట్టి కూడా చూశాను. ఫుల్ చార్జింగ్ ఉన్నా పది నిమిషాలకే మోటారు వేడెక్కి ఆగిపోతోంది. షాపులో 20 వోల్టులది తీసుకోమంటున్నారు, కానీ అది నిజానికి 18 వోల్టులదే, బ్యాటరీ నిండా ఎక్కినప్పటి లెక్కను డబ్బా మీద వేస్తారు, అందుకని ఆ అంకె ఒక్కటే చూసి మళ్లీ డబ్బు పోగొట్టుకోలేను. వైరు డ్రిల్ వద్దు, మేడ మీద గదుల్లో కిటికీల దగ్గర ప్లగ్ పాయింట్లు లేవు. ఇంకా 14 రంధ్రాలు మిగిలాయి.

5 వేల లోపు, రెండు బ్యాటరీలతో వచ్చేదాంట్లో, మీరు స్వయంగా లింటెల్‌లో 6 ఎంఎం రంధ్రాలు వేసి చూసిన మోడల్ ఏది?