కోతకొచ్చిన బెండలో తెల్లదోమ: ఇప్పుడేం కొట్టాలి?

కంకిపాడు రైతు:
అరెకరం బెండ, 48 రోజుల పైరు. రోజు విడిచి రోజు కోస్తున్నాం, కాయ రైతు బజారుకు పోతుంది. మొక్క కదిలిస్తే చాలు, తెల్లదోమ గుంపుగా లేస్తోంది. కింది ఆకులు బంకబంకగా ఉన్నాయి, కొన్ని కాయలకు నల్లటి మసి పట్టింది. ఓ ఇరవై మొక్కల్లో ఈనెలు పసుపెక్కాయి. కాయతొలుచు పురుగుకని ఇంతకుముందు రెండుసార్లు సైపర్‌మెత్రిన్ కొట్టాం. షాపులో రెండు మందులు కలిపిన డబ్బా ఇస్తామంటున్నారు. కోత ఆపకుండా దోమను అదుపు చేసే దారి ఉందా?

కూరగాయల సాగు, తెనాలి:
ఆ డబ్బా ఇప్పుడు వద్దండి. బెండలో పువ్వు విచ్చిన ఆరేడు రోజులకే కాయ కోతకొస్తుంది. మందు కొట్టాక ఐదు రోజులు కోయకూడదని డబ్బా మీద ఉంటే, రెండు కోతల కాయ పారబోయాల్సిందే. కోయకుండా చెట్టు మీదే వదిలేస్తే కాయ ముదిరి, కొత్త పూత తగ్గిపోతుంది.

దోమ ఇంతగా పెరగడంలో సైపర్‌మెత్రిన్ పాత్ర కూడా ఉంది. ఆ జాతి మందులు దోమను తినే అల్లికరెక్కల పురుగును, అక్షింతల పురుగును ముందు చంపుతాయి. ఆకు అడుగున అతుక్కుని ఉండే దోమ పిల్లలకు మందు సరిగా తగలదు. 1980లలో గుంటూరు, ప్రకాశం జిల్లాల పత్తిలో తెల్లదోమ విరుచుకుపడటానికి ఈ మందులను అదేపనిగా కొట్టడం ఒక ముఖ్య కారణం. కాబట్టి మూడోసారి దాని జోలికి పోవద్దు.

ఈ దశలో పనికొచ్చేది వేప సబ్బు, అంటే వేప నూనెతో పంటల కోసమే చేసే సబ్బు, ఒంటి సబ్బు కాదు. లీటరుకు 7 నుంచి 10 గ్రాములు. అరెకరానికి 100 లీటర్ల నీళ్లు పడతాయి, అంటే కిలో లోపే సబ్బు. ముందు కొన్ని గోరువెచ్చని నీళ్లలో పూర్తిగా కరిగించి, వడగట్టి, ఆ తర్వాతే ట్యాంకులో పోయండి, లేదంటే నాజిల్ మూసుకుపోతుంది. పొద్దున కాయ కోసేసి అదే రోజు సాయంత్రం ఎండ తగ్గాక కొట్టండి. మిట్టమధ్యాహ్నం కొడితే ఆకు అంచులు మాడతాయి. బట్టల సబ్బు పొడి వాడొద్దు, లేత ఆకును అదీ మాడుస్తుంది.

చాలామంది తప్పు చేసేది ఒక్కచోటే: పైనుంచి కొట్టడం. సబ్బు ఒంటికి తగిలిన పురుగునే చంపుతుంది, ఆరిపోయాక దానికి బలం లేదు. నాజిల్ మొన పైకి తిప్పి, మొక్క మొదలు నుంచి పైకి లేపుతూ ఆకు అడుగు తడిసేలా కొట్టాలి. గుడ్లు మాత్రం చావవు. వేడి వాతావరణంలో గుడ్డు నుంచి రెక్కల దోమ దాకా సుమారు మూడు వారాలు పడుతుంది కాబట్టి, ప్రతి రెండో కోత అయ్యాక ఒకసారి చొప్పున కనీసం మూడుసార్లు కొడితేనే ఫలితం కనిపిస్తుంది.

మెట్ట సేద్యం, నూజివీడు:
పై సలహాతో ఏకీభవిస్తున్నా, ఒక్కటి కలుపుతా. వేప గింజలు దొరికితే 5 శాతం కషాయం కూడా మంచిదే: 5 కిలోల గింజల పొడిని 10 లీటర్ల నీళ్లలో రాత్రంతా నానబెట్టి, గుడ్డలో పిండి, 100 లీటర్లకు నీళ్లు కలపాలి. పిల్లపురుగుల ఎదుగుదలను ఇది అడ్డుకుంటుంది. వేప నూనె మాత్రం కోతల మధ్యలో వద్దంటాను. కాయకు వాసన పట్టి బజారులో తిప్పి పంపేస్తారు.

వర్టిసిల్లియం పొడి లీటరుకు 5 గ్రాములు అని ఎవరైనా చెబుతారు. అది పురుగులకు పట్టి చంపే శిలీంధ్రం, గాల్లో తేమ ఉంటేనే పనిచేస్తుంది. వేసవి బెండలో డబ్బు దండగ.

తోటపని, చేవెళ్ల:
అన్నా, ఈనెలు పసుపెక్కిన ఆ ఇరవై మొక్కల సంగతి ఎవరూ చెప్పలే. అది పల్లాకు తెగులు, వైరస్. దానికి మందు లేదు, ఒక మొక్క నుంచి ఇంకో మొక్కకు మోసేది ఈ దోమనే. తీసేయాలి, కానీ ఊరికే పీకితే దోమంతా లేచి పక్క మొక్కల మీద పడుతుంది. సాయంత్రం సబ్బు నీళ్లు కొట్టి, తెల్లారి చల్లగా ఉన్నప్పుడు మొక్క మీద సంచి దించి, మూతి బిగించి, అప్పుడు పీకి దూరంగా కాల్చేయాలి. గట్ల మీద పెరిగే తుత్తురుబెండ అనే కలుపు మొక్కలో కూడా దోమ ఉంటది. అదీ ఇదే పద్ధతి.

దోమ తగ్గాలని కింది ముదురు ఆకులు తెంపేద్దామనుకుంటే, ముందు భూతద్దంతో అడుగు చూడు. దోమ కోశం (రెక్కలు రాకముందు ఆకుకు అతుక్కుని ఉండే దశ) పెంకు మీద చీలిక ఉంటే దోమ బయటికి వచ్చినట్టు. గుండ్రటి రంధ్రం ఉంటే దాన్ని తిన్న చిన్న కందిరీగ జాతి పురుగు వచ్చినట్టు. గుండ్రటి రంధ్రాలు ఎక్కువ కనిపిస్తే ఆ ఆకులు ఉంచేయాలి, ఆ కందిరీగ జాతి పురుగులు నీకు పనిచేసి పెడుతున్నయి.

పసుపు జిగురు అట్టలు దోమ పెరుగుతుందా తగ్గుతుందా చూసుకోవడానికి. అరెకరానికి ఐదారు చాలు, మొక్క తల ఎత్తులో కట్టు. యూరియా కొన్నాళ్లు ఆపు, లేత ఆకు ఎక్కువైతే దోమకు పండగే.

కంకిపాడు రైతు:
బోరు నీళ్లలో సబ్బు వేస్తే తెల్లటి ముక్కలు తేలుతున్నాయి. ఇంకొంచెం సబ్బు పెంచనా?

కూరగాయల సాగు, తెనాలి:
పెంచకండి. ఉప్పు నీళ్లలోని కాల్షియం సబ్బును విరగ్గొడుతోంది. ఆ ముక్కలు నాజిల్‌ను మూసేస్తాయి తప్ప దోమను చంపవు. కాలువ నీళ్లు తెచ్చి ముందు ఒక గ్లాసులో కలిపి చూడండి, నురగ నిలబడితే ఆ నీళ్లతోనే కొట్టండి. మసి పట్టిన కాయలను తడిగుడ్డతో తుడిస్తే పోతుంది, మసి పైపైనే ఉంటుంది, లోపలికి దిగదు.