తన అంతిమయాత్రకు తానే కీర్తన ఎంచుకున్న గురువుగారు – సలహా కావాలి

మాది చెన్నై. మా వయొలిన్ గురువుగారికి ఎనభై దాటాయి. తాను పోయాక రికార్డింగు పెట్టొద్దని, శిష్యులమే పక్కన నిలబడి సహాన రాగంలో ‘గిరిపై నెలకొన్న’ వాయించాలని గట్టిగా అడిగారు. త్యాగరాజస్వామి 1847లో సిద్ధి పొందడానికి కొద్దిరోజుల ముందు పాడారని చెప్పుకునే కీర్తన అది. ఏడుపు రాగాలేవీ వద్దన్నారు. ముత్తుస్వామి దీక్షితులు 1835లో ఎట్టయపురంలో చివరి ఘడియల్లో శిష్యుల చేత ‘మీనాక్షి మే ముదం’ పాడించుకున్నారని సంప్రదాయం చెబుతుంది కదా, 1849లో ప్యారిస్‌లో పియానో విద్వాంసుడు షోపాన్ అంత్యక్రియల్లో మొజార్ట్ రెక్వియమ్ (చనిపోయినవారి కోసం చర్చిలో పాడే ప్రార్థనా సంగీతం) పాడారు కదా, నేనడిగితే తప్పేమిటి అంటారు. నాకూ తప్పనిపించలేదు.

వాళ్ల పెద్దబ్బాయిగారు మాత్రం శవం దగ్గర కచేరీ ఏమిటని ఒప్పుకోవడం లేదు. కొరివి పెట్టాల్సింది ఆయనే, కాదని చేయలేం.

బెసెంట్ నగర్, మైలాపూర్ వైపు శ్మశానాల్లో పావుగంట వాయించనిస్తారా? ముందే ఎవరిని అడగాలి? లేక ఇంటి దగ్గరే, పాడె లేపకముందే వాయించడం మేలా? పురోహితుల తంతులో దానికి ఎక్కడ వీలవుతుంది? వీలునామా చూసేది సాధారణంగా అంతా అయ్యాకే కాబట్టి, ఈ కోరికను విడిగా రాయించి ఉంచాలా? మీ ఇళ్లలో ఇలా జరిపించినవాళ్లుంటే దయచేసి చెప్పండి. గురువుగారు ఓపికగా ఉన్నప్పుడే అబ్బాయిగారిని ఒప్పించాలని నా ఆరాటం.