నార్త్ దంపతులా, ఆలుమగలా?

పాత అమెరికన్ రేడియో నాటకాల గురించి ఒక చిన్న వ్యాసం రాస్తూ ఒక్క మాట దగ్గర ఆగిపోయాను. 1942 డిసెంబర్ 30న, యుద్ధం జోరు మీదున్న రోజుల్లో, ఎన్బీసీ రేడియోలో 'మిస్టర్ అండ్ మిసెస్ నార్త్' మొదలైంది. జెర్రీ నార్త్ పుస్తకాల ప్రచురణకర్త, పామ్ ఆయన భార్య. కాపురం న్యూయార్క్‌లో. వారానికో శవం, అరగంటలో ఈ జంట చేతికి హంతకుడు. జోసెఫ్ కర్టిన్, ఆలిస్ ఫ్రాస్ట్ ఆ గొంతులు. మూల నవలలు రాసిన లాక్‌రిడ్జ్‌లు కూడా భార్యాభర్తలే.

'నార్త్ దంపతులు' అని రాసేశాను. రాశాక ఏదో తేడా కొట్టింది. మన పేపర్లలో దంపతులు అయితే సత్యనారాయణ వ్రతం చేస్తారు, లేదా రోడ్డు ప్రమాదంలో పోతారు. కేసు ఛేదించిన దంపతుల్ని నేనెప్పుడూ చదవలేదు. మీరేమంటారు?

— 'ఆలుమగలు' వాడండి. సరదాగా ఉంటుంది, పైగా ఆలు ముందుంటుంది. ఆ నాటకాల్లో ముందు ముక్కు దూర్చేది పామే కదా! విడిగా 'ఆలు' అనే మాట ఇప్పుడు ఎవరూ అనరు. 'ఆలు లేదు చూలు లేదు' సామెతలోనూ, 'ఇల్లాలు'లోనూ మిగిలింది.

— దంపతుల్ని తీసిపారేయకండి. అమరకోశంలో 'దంపతీ జంపతీ జాయాపతీ భార్యాపతీ చ తౌ' అని వరసగా నాలుగున్నాయి. చివరి రెండింట్లో ఆవిడే ముందు. 'దమ్' అంటే వేదభాషలో ఇల్లు అని, దంపతులంటే ఇంటికి ఇద్దరు యజమానులని ఇంకో వివరణ. డిటెక్టివ్ జంటకి ఇంతకంటే ఏం కావాలి?

— అర్థం బాగుంది మాస్టారూ, కానీ చెవికి పెళ్ళిపందిరి వాసన పోలేదు.

— మన జంటమాటలు చూడండి: తల్లిదండ్రులు, అమ్మానాన్న, అత్తామామలు, అక్కాబావ, భార్యాభర్తలు. అన్నిట్లో ఆడవాళ్ళే ముందు. మొగుడు ముందుకొచ్చేది 'మొగుడూపెళ్ళాలు' అన్నప్పుడే. అది కొట్లాటల సందర్భానికి బాగుంటుంది. ఇంగ్లీషు పేరులో మిస్టర్ ముందున్నాడని మనమూ ఆ వరసే పట్టుకోవాలా?

— అందరికీ ధన్యవాదాలు. వ్యాసం లోపల 'ఆలుమగలు' ఉంచుతున్నాను. శీర్షిక మాత్రం మా ఆవిడ తేల్చేసింది. బీరువాలోంచి పాత శుభలేఖ ఒకటి తీసి నా ముందు పెట్టింది. ఆహ్వానించువారు: శ్రీమతి & శ్రీ ఫలానా. ఇంకేం, 'శ్రీమతి & శ్రీ నార్త్'.