వెళ్ళొస్తాను – ఇత్తెకిమస్

‘వెళ్తాను అనకూడదు, వెళ్ళొస్తాను అనాలి’ అన్న మాట మన గుంపులో ఏడాదికి రెండుసార్లయినా చర్చకు వస్తుంది. ఈసారి దానికి జపాన్ నుంచి ఒక సాక్షిని తెచ్చాను.

టోక్యోలో నిషికసాయి అనే పేటలో మూడేళ్ళు అద్దెకున్నాం. మనవాళ్ళు బాగా ఉండే చోటే. పక్క వాటాలో ఒకటో తరగతి చదివే పిల్లవాడు ఉండేవాడు. పొద్దున్నే నెత్తిన పసుపు టోపీ, వీపున తనకంటే వెడల్పైన సంచీతో తలుపు తీస్తూ ‘ఇత్తెకిమస్!’ అని గొంతెత్తి అరిచేవాడు. లోపల గిన్నెలు కడుగుతున్న చప్పుడు మీదుగా తల్లి గొంతు వచ్చేది: ‘ఇత్తెరష్షై!’ మా అమ్మ మమ్మల్ని చూడటానికి వచ్చినప్పుడు నాలుగు రోజులు ఇది విని, ‘వాడు రోజూ ఏమని కేక వేస్తున్నాడురా?’ అని అడిగింది. ‘వెళ్ళొస్తాను అంటున్నాడమ్మా’ అన్నాను. తనకు అర్థం కావాలని మన మాటలోకి మార్చి చెబుతున్నాననుకుంది. మార్చింది ఏమీ లేదు, మాటకు మాట అదే.

విడదీసి చూడండి. ‘ఇకు’ అంటే వెళ్ళడం. దాని క్త్వార్థక రూపం ‘ఇత్తె’, అంటే మన ‘వెళ్ళి’. ‘కిమస్’ అంటే వస్తాను. తల్లి జవాబులోని ‘రష్షై’ ‘ఇరష్షై’ అన్న గౌరవ పదానికి కుదింపు: ‘రండి’ అని. దుకాణంలో అడుగు పెట్టగానే పనివాళ్ళందరూ అనే ‘ఇరష్షైమసె’లో ఉన్నదీ ఇదే. అంటే ఆవిడ ఆరేళ్ళ కొడుకును రోజూ ‘వెళ్ళి రండి’ అని సాగనంపుతోందన్నమాట! వాడుకలో ఆ గౌరవం అరిగిపోయింది, ఎవరూ గమనించరు. నాకు మాత్రం చివరిదాకా ముద్దుగానే ఉండేది.

ఉచ్చారణ గురించి ఒక్క మాట. రోమన్ అక్షరాల్లో చూసి మనవాళ్ళు దీన్ని ‘ఇట్టెకిమాసు’ అని చదువుతారు. అందులోది పళ్ళకు తగిలే తకారమే. ద్విత్వం మన ‘అత్త’లో ఉన్నట్టే పలుకుతుంది. చివరి ఉకారం దాదాపు వినిపించదు. ఆ ద్విత్వం చూపడానికి వాళ్ళు ‘త్సు’ అక్షరాన్ని చిన్నగా రాస్తారు, మనకు తవత్తు చాలు.

పోలిక ఈ ఒక్క మాటతో ఆగదు. ‘తబెతె మిరు’ అంటే తిని చూడటం. ‘మిరు’ అంటే కంటితో చూడటమే, అయినా ఇక్కడ మన ‘తిని చూడు’లో లాగే రుచికి వచ్చింది. ‘కైతె ఒకు’ అంటే రాసి పెట్టడం, ‘ఒకు’ అంటే పెట్టడమే. ‘మొత్తె కురు’ పట్టుకు రావడం, ‘మొత్తె ఇకు’ పట్టుకు వెళ్ళడం. మేము భాష నేర్చుకున్న తరగతిలో యూరప్ నుంచి వచ్చినవాళ్ళకు ఈ ‘చూడటం’ ఎందుకో చెప్పడానికి పంతులమ్మకు గంట పట్టింది. నాకు నిమిషం పట్టలేదు. ఆ భాషలో నేను గొప్పగా కనిపించిన రోజు అదొక్కటే.

ఇక ఇంటికి తిరిగి రావడం. అక్కడ వీధి తలుపుకు లోపల ‘గెన్‌కన్’ అని ఇంటి నేలకంటే ఒక మెట్టు దిగువన చిన్న జాగా ఉంటుంది. బూట్లు అక్కడ విప్పి, మళ్ళీ వెళ్ళేటప్పుడు సులువుగా తొడుక్కునేలా మొనలు బయటికి తిప్పి పెడతారు. అక్కడ నిలబడే ‘తదైమ’ అంటారు. అర్థం ‘ఇప్పుడే’ అని మాత్రమే. ‘ఇప్పుడే తిరిగొచ్చాను’ అన్న వాక్యంలో తల మిగిలి మొండెం పోయింది. లోపలివాళ్ళు ‘ఒకయెరి’ అంటారు, ‘వచ్చారా’ అన్నట్టు. వెళ్ళేటప్పటి జంట మన దగ్గర ఉంది. ఈ రెండో జంటకు తెలుగులో ఏమంటారు? అదే నా ప్రశ్న.

వ్యాఖ్య: అయితే జపనీస్ ద్రావిడ భాషేనన్న వాదం నిజమేనా అండీ?

జవాబు: ఓనో సుసుము (1919–2008) అనే జపాన్ పండితుడు తమిళంతో చుట్టరికం ఉందని గట్టిగా వాదించారు. భాషాశాస్త్రవేత్తల్లో ఎక్కువమంది ఒప్పుకోలేదు. క్రియ వాక్యం చివర ఉండి, ఒక క్రియ వెనుక ఇంకొకటి చేరే భాషల్లో ఇలాంటి కూర్పులు వాటంతట అవే పుడతాయి. కొరియా పిల్లలు కూడా బడికి వెళ్తూ పోయి వస్తామన్న అర్థంలోనే చెబుతారు. తమిళులు, కన్నడిగులు సరేసరి. చుట్టరికం లేకపోయినా పోలికలుండవచ్చు.

వ్యాఖ్య: స్నేహితుల ఇంటి నుంచి బయలుదేరేటప్పుడు కూడా ఇత్తెకిమస్ అనవచ్చా?

జవాబు: అనకూడదు. నేను అని నవ్వులపాలయ్యాను. పక్కింట్లో టీ తాగి లేస్తూ అలవాటుగా ‘ఇత్తెకిమస్’ అన్నాను. ఆవిడ నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని నవ్వి, అయినా ‘ఇత్తెరష్షై’ అంది. అది తిరిగి చేరుకునే సొంత చోటు నుంచి కదులుతూ అనే మాట. సొంత ఇల్లు, లేదా పని మీద బయటికి వెళ్తున్నప్పుడు ఆఫీసు. బస చేసిన హోటల్లోనూ పొద్దున మనల్ని ‘ఇత్తెరష్షై’ అనే పంపుతారు, రాత్రికి అక్కడికే కదా చేరతాం. పరాయి ఇంటి నుంచి వస్తూ ‘ఒజమ షిమషిత’ అనాలి, అంటే ‘మీకు అడ్డం వచ్చాను’. మన ‘వెళ్ళొస్తాను’కు ఈ హద్దు లేదు. పెళ్ళిలో మొదటిసారి కలిసినవారితోనూ అనేస్తాం.

వ్యాఖ్య: మరి సయొనరా?

జవాబు: ఇంట్లో రోజూ అనే మాట కాదు, అంటే కాస్త దూరం పెట్టినట్టుంటుంది. పుట్టుక మాత్రం సరదాగా ఉంటుంది. ‘సయొనరబ’, అంటే ‘అలా అయితే’. మనం ‘సరే అయితే’ అని ఫోన్ పెట్టేస్తామే, అలాంటిదే. వాళ్ళు మనల్ని చూసి నవ్వాల్సింది ఇంకొకటుంది: ‘ఉంటాను’ అని చెప్పి మరీ వెళ్ళిపోతాం.

వ్యాఖ్య: తదైమకు తెలుగు మాట అడిగారు. మా ఇంట్లో మాట లేదు కానీ దగ్గు ఉండేది. నాన్నగారు అరుగు దగ్గర చెప్పులు విడుస్తూ ఒకసారి దగ్గేవారు, వంటింట్లోంచి అమ్మ ‘కాళ్ళు కడుక్కోండి, వడ్డిస్తున్నాను’ అనేది.

జవాబు: నా ప్రశ్నకు ఇంతకంటే మంచి జవాబు రాదనుకుంటాను. ‘ఒకయెరి’కి కూడా మీ అమ్మగారి మాటే ఖాయం చేస్తున్నాను.