లైఫ్ జాకెట్ ఒంటి మీదనే ఉండాల్నా, పక్కన పెట్టుకుంటే సాలదా?

గాలం_నల్గొండ: సాగర్ బ్యాక్‌వాటర్‌ల గాలమేసేటోళ్లు కొందరు ఇప్పుడు మచిలీపట్నం, విశాఖ దిక్కు పోయి బోటు కిరాయికి తీస్కొని సముద్రంలకు పోతున్నరు. పోయిన ప్రతిసారి ఇదే పంచాయితీ. జాకెట్ తొడుక్కునే కూసోవాల్నా, చేతికందేటట్టు పెట్టుకుంటే సాలా? ఆపద సిగ్నల్ పంపే బీకన్ బోటుకు బిగించాల్నా, మనిషి దగ్గర ఉండాల్నా? ఎరుకున్నోళ్లు చెప్పుర్రి.

కృష్ణ_సరంగు: చేతికందితే సాలు. ఎండకాలం ఫోము జాకెట్ ఏసుకొని నాలుగు గంటలు కూసుంటే మనిషి ఉడికిపోతడు. వల లాగేటోని బెల్టు బకిల్ వల కండ్లల్ల ఇరికితే వలతోపాటు వాడు కూడా పోతడు. ఇంకో సంగతి ఎవ్వరు చెప్పరు. చుట్టూ అద్దాలున్న లాంచీ లోపల జాకెట్ ఏసుకొని కూసున్నప్పుడు నీళ్లు నిండితే, అది మనిషిని పైకప్పుకు ఒత్తి పెడ్తది. బయటపడే కిటికీ కింద ఉంటది. మునిగి పోదామంటే జాకెట్ మునగనియ్యదు.

పాలమూరు_వర్క్‌షాప్: సరంగన్నా, లాంచీ క్యాబిన్ మాట నిజమే. మిగతాది ఒప్పుకోను. చేతికందే దూరాన్ని మీరు పడవ సక్కగా ఉన్నప్పుడు కొలుస్తున్నారు. తిరగబడ్డాక కొలవండి. జాకెట్లు ఎక్కడుంటాయి? ముందు పలక కింద పెట్టెలో, పాలిథిన్ కవర్లో, నైలాన్ తాడుతో కట్టి. పడవ బోర్లా పడితే పెట్టె మూత నీళ్ల కిందికి పోతుంది, లోపలి ఫోము పైకి తంతూ మూతకు దూరంగా ఇరుక్కుంటుంది. ఒకవేళ చేతికి దొరికినా నీళ్లలో తొడుక్కోవడం కష్టం. ఫోము పైకి తేలుతుంది, మనిషి కిందికి పోతుంటాడు, బెల్టు పెట్టుకోవడానికి రెండు చేతులూ కావాలి, ఈదడానికీ అవే చేతులు.

విదేశీ వీడియోల్లో చల్లటి నీటి షాక్ గురించి, అంటే గడ్డకట్టే నీళ్లలో పడగానే ఊపిరి అదుపు తప్పడం గురించి చెప్తారు. మన నీళ్లలో దాని భయం తక్కువ. ఇక్కడ కాళ్లకు అడ్డం పడేవి పంచె, చీర, వల.

దేవరకొండ_తెడ్డు: జాకెట్లన్నీ ఒక్క తీరుగ ఉండవు. లోపలి చీటీ మీద ఎంత బలంతోటి తేలుస్తదో న్యూటన్ల లెక్క ఉంటది. 50 అంటే దాదాపు 5 కిలోల తేలింపు. ఒడ్డు దగ్గర, ఈతొచ్చి సోయిలో ఉన్నోనికి అది సరిపోతది. సోయి తప్పినోణ్ని ఎల్లకిల తిప్పాలంటే కాలర్ ఉన్న 100 కావాలె. సముద్రం లోపలికైతే గాలితో ఉబ్బే 150 మంచిది. మడిచినప్పుడు రెండు పట్టీల లెక్క మెడ మీద ఉంటది, ఉడకపోయదు. సరంగన్న చెప్పిన ఎండ సమస్య దీంతోటి శానావరకు పోతది. క్యాబిన్‌లకైతే తాడు గుంజితేనే ఉబ్బే రకం తీసుకోర్రి, బయటికొచ్చినంక గుంజొచ్చు. నీళ్లు తగలంగనే ఉబ్బేది క్యాబిన్‌ల పనికిరాదు.

కని దానికి సాకిరి ఉంటది. 150 రకంల మామూలుగ 33 గ్రాముల కార్బన్ డయాక్సైడ్ సిలిండర్ ఉంటది. బోటు అదురుడుకు దాని మర వదులైతది, తాడు గుంజితే సూది సిలిండర్ మూతిని పొడవదు, గాలి రాదు. ఎక్కే ముందల చేత్తో బిగించి చూడాలె. సిలిండర్ మీద మొత్తం బరువు అచ్చేసి ఉంటది, కిరాణం త్రాసు మీద పెట్టి సరిచూసుకోవాలె. ఏడాదికోసారి నోటితో ఊది రాత్రంత ఉంచాలె, పొద్దుగాల మెత్తబడితే పారెయ్యాలె. ఊదిన జాకెట్ మీద మాత్రం సిలిండర్ పేల్చొద్దు, చినుగుతది.

గాలం_నల్గొండ: బీకన్ సంగతి?

పాలమూరు_వర్క్‌షాప్: బోటుకు బిగించే ఈపిర్బ్, మనిషి పెట్టుకునే పీఎల్‌బీ, రెండూ 406 మెగాహెర్ట్జ్ మీదే ఉపగ్రహానికి పంపుతాయి. మన దేశంలో ఆ సమాచారం బెంగళూరులోని ఇస్రో కేంద్రానికి వచ్చి, అక్కడి నుంచి కోస్ట్ గార్డుకు వెళ్తుంది. ఈపిర్బ్ బ్యాటరీ కనీసం 48 గంటలు, పీఎల్‌బీది 24.

తానే విడివడి తేలే ఈపిర్బ్‌కు నీటి ఒత్తిడితో తెగే పరికరం ఉంటుంది. దాదాపు 1.5 నుంచి 4 మీటర్ల లోతులో అది తెగి బీకన్‌ను వదులుతుంది. దాన్ని రెండేళ్లకోసారి మార్చాలి. బీకన్‌ను క్యాబిన్ లోపలో టార్పాలిన్ కిందో బిగిస్తే, వదిలినా కప్పుకు తగిలి అక్కడే ఆగిపోతుంది. ఎక్కువగా చేసే తప్పు ఇంకోటి: బీకన్‌తో వచ్చే సన్న తాడును "పోకుండా" అని బోటు కమ్మీకి ముడేస్తారు. బోటు మునిగితే బీకన్‌ను కూడా కిందికి లాక్కుపోతుంది. ఆ తాడు నీళ్లలో పడ్డాక మనిషికో తెప్పకో కట్టుకోవడానికి.

కృష్ణ_సరంగు: మరి బోటు మునగకుండ మనిషొక్కడే జారిపడితే?

పాలమూరు_వర్క్‌షాప్: అక్కడ బోటు బీకన్ ఉత్తదే. పీఎల్‌బీ జాకెట్ బెల్టుకే ఉండాలి, సంచిలో కాదు. మామూలు పీఎల్‌బీ దానంతటది మోగదు. యాంటెనా విప్పి, మీట నొక్కి, ఆకాశం కనిపించేలా నీళ్లకు పైన పట్టుకోవాలి. పొరపాటున మోగితే ఆపేసి ఊరుకోకండి, కోస్ట్ గార్డు 1554కు చెప్పండి.

దేవరకొండ_తెడ్డు: ఆన్‌లైన్ల దొరికే విదేశీ శాటిలైట్ మెసెంజర్లు పర్మిషన్ లేకుంట పట్టుకపోతే మన దేశంల కేసైతది, జాగ్రత్త. చేపల పడవలకు ఉపగ్రహం ద్వారా ఆపద సిగ్నల్ పంపే ఇస్రో డాట్ పరికరం ఉన్నది. 2024 జనవరిల వచ్చిన రెండో తరం దాంట్ల "మీ సిగ్నల్ అందింది" అని తిరిగి జవాబు కూడ వస్తది. బోటు మాట్లాడేటప్పుడే అది ఉన్నదా అడుగుర్రి.

గాలం_నల్గొండ: సాగర్ల, సోమశిల దిక్కు ఇదంత ఎందుకు, ఫోన్ సాలదా?

కృష్ణ_సరంగు: నల్లమల గుట్టల నడుమ సిగ్నలే ఉండదు, ఫోన్ ఏం జేస్తది? బీకన్ విషయంల పాలమూరు తమ్ముడు చెప్పిందే ఒప్పుకుంట. జాకెట్ కూడ పుట్టి మీద పోయేటోళ్లు తొడుక్కోవాల్సిందే, పుట్టిల జాకెట్ పెట్టే జాగ యాడుంది? వల లాగేటోని మాట మాత్రం నేను ఇడువ. ఉబ్బే జాకెట్ పట్టీ కూడ వల కండ్లకు తట్టుకుంటది.

దేవరకొండ_తెడ్డు: పట్టీ కొసలు టేపుతో చుట్టి, పైనుంచి వదులు చొక్కా కాకుండ పల్చటి బనీను ఏసుకుంటే తట్టుకోదు గదన్నా.

పాలమూరు_వర్క్‌షాప్: అట్ల చెయ్యొద్దు తమ్మీ. పైన బనీను ఉంటే జాకెట్ ఉబ్బినప్పుడు లోపల ఛాతీని నొక్కుతుంది. కొసలు టేపుతో చుట్టడం వరకు సరే, జాకెట్ మాత్రం అన్నిటికన్నా పైనే ఉండాలి.