పండిత రమాబాయి మతం మారడం ఆమె స్త్రీవాదాన్ని కుదించిందా?

తెరచిన కిటికీ:

పండిత రమాబాయి (1858–1922) రచనలను వరుసగా చదువుతున్న మా మిత్రబృందంలో ఒక ప్రశ్న ఎంతకీ తెగడం లేదు. అందుకే దాన్ని ఇక్కడి సభ్యుల ముందు పెడుతున్నాను. 1883 సెప్టెంబరులో ఇంగ్లండులోని వాంటేజ్‌లో ఆమె తన చిన్నారి కూతురు మనోరమతో సహా క్రైస్తవం స్వీకరించారు. అంతకు ఏడాది ముందే పుణెలో ఆర్య మహిళా సమాజాన్ని స్థాపించి, దేశంలో విద్య తీరును పరిశీలించడానికి ప్రభుత్వం వేసిన హంటర్ కమిషన్ ఎదుట సాక్ష్యం కూడా చెప్పి ఉన్నారు. ఈ దేశంలో చదువుకున్న పురుషుల్లో నూటికి తొంభైతొమ్మిది మంది స్త్రీవిద్యకు విరోధులేననీ, స్త్రీలో ఆవగింజంత తప్పు దొరికితే దాన్ని కొండంత చేస్తారనీ ఆ పెద్దల ముందే చెప్పిన మనిషి ఆమె. స్త్రీలకు వైద్యం చేయడానికి స్త్రీలనే తయారు చేయాలనీ, బాలికల పాఠశాలలను తనిఖీ చేసే పనిలో స్త్రీలను నియమించాలనీ ఆ సాక్ష్యంలోనే అడిగారు. మతం మారాక ఆ గొంతు మిషనరీల గొంతులో కలిసిపోయిందని ఒక వాదన. మొదటినుంచి చివరిదాకా ఆమెది ఒకే ధిక్కారమని రెండో వాదన. నేను రెండో వైపే మొగ్గుతాను గాని, మొదటి వాదన చేసేవారి ఆధారాలు తీసిపారేయదగినవి కావు. ముందు వారి మాట వినాలని ఉంది.

నల్లరేగడి:

ఆ మొదటి వాదన నాది. రమాబాయి ధైర్యాన్ని నేను శంకించడం లేదు. నా అభ్యంతరమంతా 1889 మార్చి 11న బొంబాయిలో ఆమె తెరిచిన శారదా సదన్ గురించి. అమెరికాలో ఏర్పడిన రమాబాయి అసోసియేషన్ విరాళాలతో నడిచిన ఆ పాఠశాల ప్రధానంగా బాల వితంతువుల కోసం పెట్టినది. అక్కడ మతబోధ ఉండదన్న మాట మీదనే రానడే, భండార్కర్ వంటి సంస్కర్తలు సలహా సంఘంలో చేరారు. ఆ మాటనే నమ్మి, బంధువుల నిందలు పడి మరీ తల్లిదండ్రులు భర్త పోయిన తమ బిడ్డలను పంపారు. సదన్ పుణెకు మారిన తరువాత, రమాబాయి తలుపు తెరిచి చేసుకునే ప్రార్థనలో పిల్లలు వచ్చి కూర్చోసాగారు. తిలక్ పత్రిక చేసిన దాడిని పక్కన పెడదాం. బాలికలతో కాపురానికి కనీస వయసు పెంచిన 1891 నాటి సమ్మతి వయసు బిల్లునే వ్యతిరేకించిన వ్యక్తి నుంచి మరొకటి ఆశించలేము. కానీ 1893లో సలహా సంఘం నుంచి తప్పుకున్న రానడే, భండార్కర్ సనాతనులు కారు. ఆ గొడవలో ఎందరో బాలికలను పెద్దలు ఇళ్లకు తీసుకుపోయారు, వారి చదువు అక్కడితో ఆగింది. తనకు అన్నం పెట్టి అక్షరం నేర్పుతున్న మనిషి ప్రార్థన చేసుకుంటుంటే, నిలువనీడ లేని పన్నెండేళ్ల పిల్ల తన ఇష్టప్రకారమే వచ్చి కూర్చుందనడం నాకు మింగుడుపడదు. ఆ తరువాత పుణె దగ్గరి కేడ్‌గావ్‌లో ఆమె నెలకొల్పిన ఆశ్రయం ముక్తి సదన్ బాహాటంగా క్రైస్తవ సంస్థే. తొలి పుస్తకాల్లోని పదునైన సామాజిక విమర్శ కూడా ఆ తరువాత పలచబడింది.

సాయంకాలపు చదువరి:

నల్లరేగడి గారూ, ఆశ్రయమిచ్చిన మనిషికీ ఆశ్రయం పొందిన పిల్లకూ నడుమ ఉన్న ఎత్తుపల్లాల గురించి మీరన్నది నిజం. అయితే రమాబాయి కథను 1883 నుంచి మొదలుపెడితే ఆ మతాంతరం ఎక్కడినుంచి వచ్చిందో అంతుపట్టదు. అందులో కీలకమైన ఘట్టం మన తిరుపతి కొండమీద జరిగింది. తండ్రి అనంతశాస్త్రి డోంగ్రే తన భార్యకు సంస్కృతం నేర్పినందుకు పండితుల ఆగ్రహానికి గురైనవాడు. ఊరూరా పురాణం చెబుతూ, తీర్థాలు తిరుగుతూ ఆ కుటుంబం బతికింది. ఉన్నదంతా దానధర్మాలకూ వ్రతాలకూ ఖర్చయిపోయిన తరువాత కరువు ముంచుకొచ్చింది. తిరుపతిలో ఆఖరి బియ్యపు గింజ కూడా అయిపోయిన రోజున, తెలిసినవారి ముందు చెయ్యిచాచలేక, అడవిలోకి వెళ్లి చనిపోదామని అందరూ కలిసి నిశ్చయించుకున్నారు. పదకొండు పగళ్లు, పదకొండు రాత్రులు నీళ్లు, ఆకులు, గుప్పెడు అడవి ఈతపళ్లతో గడిపామని రమాబాయి 1907 నాటి ఆత్మకథనంలో రాశారు. ఆ తరువాత తండ్రి పోయారు. ఆకలి జబ్బుతో తల్లి కూడా పోతే, పాడె మోయడానికి ఇద్దరు బ్రాహ్మణులే ముందుకు రావడం వల్ల అన్నతో పాటు తానూ ఒక కొమ్ము పట్టవలసి వచ్చింది. పొట్టిగా ఉండడం వల్ల దాన్ని తలమీద మోశారు. చేయవలసిన పూజలన్నీ చేసిన కుటుంబానికి ఇలా జరిగిన తరువాత, దేవుణ్ణి గురించిన ప్రశ్న ఆమెకు పుస్తకాల్లోంచి పుట్టలేదు.

శాస్త్రాల మీద ప్రశ్న కలకత్తాలో పుట్టింది. 1878లో అక్కడి పండితులు ఆమెకు పండిత, సరస్వతి బిరుదులిచ్చారు. స్త్రీలకు ఉపన్యసించడం కోసం ధర్మశాస్త్రాలు తిరగేస్తే, ఎన్నో విషయాల్లో ఒకదానికొకటి పొసగని ఆ గ్రంథాలన్నీ ఒక్క విషయంలో మాత్రం ఏకమయ్యాయని ఆమె గ్రహించారు: ఏ కులానికి చెందినదైనా స్త్రీజాతి చెడ్డదేననీ, పురుషుడిలా ఆమెకు మోక్షం లేదనీ. కాబట్టి స్త్రీ ప్రశ్నే ఆమెను పుట్టిన మతానికి దూరం చేసింది. మతం మారడం వల్ల స్త్రీ ప్రశ్న వెనక్కిపోయిందనడం కార్యకారణాలను తలకిందులు చేయడమే.

ఇక మిషనరీల గొంతులో కలిసిపోయారన్న మాట చూద్దాం. బాప్తిస్మం పొందిన రెండేళ్లకే, తండ్రి, కుమారుడు, పరిశుద్ధాత్మ ఒకే దేవుడనే త్రిత్వ సిద్ధాంతాన్ని ప్రశ్నిస్తున్నందుకు మందలించిన వాంటేజ్ సన్యాసిని సిస్టర్ జెరాల్డిన్‌కు ఆమె రాసిన ఉత్తరం ఉంది. భారతదేశపు పురోహితుల కాడిని ఎంతో కష్టపడి దించుకున్నాననీ, ఇప్పుడు మరో పురోహితుల కాడిని మెడకెత్తుకోదలచలేదనీ అందులో స్పష్టంగా చెప్పారు. ఆమె ఇంగ్లండులోని చెల్టెన్‌హామ్ మహిళా కళాశాలలో ఉండగా మగవారికి సంస్కృతం చెప్పే ప్రస్తావన వచ్చినప్పుడు బిషప్పులు అడ్డు చెబితే, మా అమ్మ యువకులకు చదువు చెప్పడానికి మా నాన్న, నేను చెప్పడానికి నా భర్త ఎన్నడూ అభ్యంతరపెట్టలేదే, ఇంగ్లీషువారు పెడుతున్నారేమిటని ఆశ్చర్యపోయారు. 1887లో, కాపురానికి పోనన్న రఖ్మాబాయిని భర్త దగ్గరకు వెళ్లమనీ, లేకుంటే జైలుకు పొమ్మనీ బొంబాయి హైకోర్టు తీర్పు చెప్పినప్పుడు, ఈ ప్రభుత్వం భారతదేశపు పురుషులతో చేసుకున్న ఒప్పందాన్నే నెరవేర్చుకుంటున్నదని రమాబాయి రాశారు. ఆ ఒక్క వాక్యంలో ఇంటి పెత్తనానికీ తెల్లదొరల న్యాయానికీ ఉన్న పొత్తు మొత్తం బయటపడింది. ఇది క్రైస్తవురాలైన నాలుగేళ్లకు రాసిన మాట.

నల్లరేగడి:

ఆ ఉత్తరాలు నేనూ చదివాను, అవి గొప్పవే. కానీ మీరు చూపినవన్నీ 1880ల నాటివి. నేను అడుగుతున్నది 1893 తరువాతి రమాబాయి గురించి.

తెరచిన కిటికీ:

ఆ తరువాతి కాలానికి రెండు విషయాలు గుర్తు చేస్తాను. మొదటిది కులం. 1887లో అచ్చయిన ఆమె ఇంగ్లీషు పుస్తకం ‘ది హై-కాస్ట్ హిందూ ఉమన్’ పేరుకు తగ్గట్టే అగ్రవర్ణ హిందూ స్త్రీని గురించినది. బ్రాహ్మణేతర స్త్రీల కష్టం అందులో పెద్దగా కనిపించదు. ఆ లోటును నింపినది పుస్తకం కాదు, 1896–97 కరువు. మధ్య భారత ప్రాంతాల్లో తిరిగి ఆమె వెంటబెట్టుకొచ్చిన స్త్రీలలో, పిల్లలలో అన్ని కులాలవారూ ఉన్నారు. తిరుపతి అడవిలో ఆకలి చూసిన మనిషికి ఆ కరువు శిబిరాలు కొత్త కావు. ముక్తి సదన్‌లో వారు సేద్యం చేశారు, బట్ట నేశారు, అచ్చుయంత్రం నడిపారు. రమాబాయి హీబ్రూ, గ్రీకు నేర్చుకుని చేసిన మరాఠీ బైబిల్ అనువాదానికి అక్షరాలు కూర్చినదీ ఆ స్త్రీలే. అది మతగ్రంథమే, కాదనడం లేదు. అయినా కూడు, గుడ్డ కోసం మరొకరి మీద ఆధారపడని స్త్రీలను తయారు చేయాలన్న 1882 నాటి ఆలోచన ఆ అచ్చుశాలలో ఆచరణకు వచ్చింది.

రెండోది గోదూబాయి. శారదా సదన్ తొలి విద్యార్థులలో ఒకరైన ఈ బాల వితంతువు, మీరు చెప్పిన ఆ 1893లోనే సంస్కర్త ధోండో కేశవ్ కర్వేను పెళ్లాడి ఆనందీబాయి కర్వే అయ్యారు. క్రైస్తవురాలు కాలేదు. కర్వే 1896లో పుణెలో వితంతువుల కోసం మొదలుపెట్టిన ఆశ్రమానికి ఆమె జీవితమంతా అండగా ఉన్నారు.

నల్లరేగడి:

గోదూబాయి ఉదాహరణ బలమైనదే, సదన్‌లో కొన్నేళ్లు ఉండి కూడా మతం మారకుండా బయటికి రావడం సాధ్యమైందని ఒప్పుకుంటాను. రానడే, భండార్కర్ రాజీనామాలోనూ పుణె సమాజపు ఒత్తిడి కొంత ఉండి ఉండవచ్చు. అయినా గోదూబాయికి పుణెలో పలకరించేవారున్నారు, పెళ్లాడతానన్న మనిషి ఉన్నాడు. కరువు శిబిరం నుంచి కేడ్‌గావ్ చేరిన అనాథ పిల్లకు వెనక్కి పోవడానికి ఇల్లు లేదు, వచ్చి తీసుకుపోయే తండ్రి లేడు. ముక్తి సదన్‌లో మతం మారినవారిలో అత్యధికులు అటువంటివారే. పురోహితుల కాడిని మెడకెత్తుకోనని రాయగలిగిన స్వేచ్ఛ రమాబాయికి ఆమె చదువు వల్ల, ఆమె పేరు వల్ల దక్కింది. ఆ పిల్లల్లో ఒకరు రమాబాయికే అటువంటి ఉత్తరం రాయగలిగే వీలు అక్కడ ఉండేదా అన్నది నా ప్రశ్న. ముక్తి సదన్‌లో పెరిగినవారు సొంతంగా రాసుకున్న మాటలు ఎవరి దగ్గరైనా ఉంటే ఇక్కడ పంచుకోవాలని కోరుతున్నాను.